ఆఖరి పేజీ లేని జిరాక్స్

విద్యానగర్ బ్రిడ్జి కింద
పేజీకి రూపాయి చొప్పున తీయించిన అమెరికన్ కథ.
కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ.
నానబోసిన శెనగల్లా అక్షరాలు ఉబ్బినయి.
ఎడమ అంచున ప్రతి వరుసకూ
మొదటి మాట సగమే.

కథలో ఒకామె.
రాత్రి పదకొండింటికి, వానలో,
బట్టలుతికే మిషన్ల దుకాణంలో కూసోని ఉంటది.
నాణేలు వేస్తే తిరిగే మిషను.
గుండ్రటి అద్దం వెనక మొగుడి చొక్కా
ఒక్కటే, మునుగుతూ తేలుతూ.
మొగుడు లేడు.
ఎటు పోయిండో కథ చెప్పదు.

నుజ్హత్ మేడం బోర్డు మీద రాసింది: ఏలియనేషన్.
ఆర్ట్స్ కాలేజీ రాతిగోడల చల్లదనంలో
నలభై పెన్నులు ఆ మాటను దించుకున్నయి.
"ఈ కాలపు కథల్లో వస్తువులే మాట్లాడతాయి,
మనుషులు మాట్లాడరు" అన్నది.
సబ్బు నురగ గోళ్లల్ల ఎన్ని రోజులుంటదో
ఈ హాల్లో ఇంకెవలకు ఎరుకని
నేను వెనక బెంచీ నుంచి తలలు లెక్కపెట్టిన.

సీతాఫల్‌మండిలో, అపార్ట్‌మెంటు గేటు పక్కన
అమ్మ ఇస్త్రీ బండి.
చీకటి పడ్డంక ఆ బండి బల్బు కిందనే నా సెమిస్టర్లు.
"ఏం రాసిండ్రే అండ్ల?"
పెట్టెలో బొగ్గులు ఊదుకుంట అడుగుతది.
చెప్పిన.
మిషను, వాన, చొక్కా, ఒక్కతే ఆమె.
ఏలియనేషన్ దగ్గర ఆగిపోయిన.
పరాయీకరణ అని గైడులో ఉన్నది గానీ
అమ్మ ముందు అనబుద్ధి కాలేదు.

"ఒక్క చొక్కాకు అంత మిషనా?
కరెంటు బిల్లు ఎవలు కడ్తరు?"
ఆ తర్వాత చానాసేపు
నాలుగో అంతస్తోళ్ల కాటన్ చీర మీద
నీళ్లు చిలకరించుకుంట ఉన్నది.
"ఉతికితే మనిషి వాసన పోతదని తెల్వదా దానికి?"
పెట్టె అంచు కుచ్చిళ్ల దాకా పోయి వచ్చింది.
"పోవాల్ననే ఉతుకుతుందేమో."

ఆ మాట నోట్సులో రాసుకున్న.
ఎవలన్నరో రాయలేదు.

"ఆఖరికి ఏమైంది?"
ఆఖరి పేజీ లేదమ్మా, కాపీలల్ల పోయింది.
"పోతే పోనీ. ఆరేసి ఉంటది.
ఆరినంక గుండీలు పెట్టి మడత పెట్టి ఉంటది.
గుండీలు పెట్టకుంటే మడత నిలువదు.
ఎవలో ఒకలు వచ్చి తీస్కపోతరు.
ఎవల బట్టకైనా ఎవలో ఒకలు వస్తరు."

బండి కింద రేకు ట్రంకుల
మూడొందల రెండు సారువి ఆరు జతలు.
కరోనా ఏడు ఇచ్చిపోయిండు.

పరీక్షల పదిహేను మార్కుల ప్రశ్న:
కథ ముగింపును చర్చించండి.
అమ్మ ముగింపే రాసిన, ఇంగ్లీషులో, గుండీలతో సహా.
తొమ్మిది వేసిండ్రు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద
మూసిన షట్టరు ముందు, ఇంజనీరింగ్ గైడ్ల అడుగున
అదే పుస్తకం దొరికింది. నలభై రూపాయలు.
ఆఖరి పేజీ నిలబడే చదివిన.
ఎనిమిది వరుసలు.
మిషను ఆగక ముందే ఆమె లేచి వెళ్లిపోతది.
చొక్కా ఇంకా తిరుగుతనే ఉంటది.
అంతే.

కొన్న. సంచిలో అడుగున పెట్టిన.
ఇంటికొచ్చేసరికి అమ్మ
ట్రంకు తెరిచి ఆ ఆరు జతలూ ఎండకేసి
మళ్లీ ఇస్త్రీ పడుతున్నది.
ఏడాదికోసారి పడ్తది.
దొరికిందని చెప్పలేదు.

"రేపటికి ఏమున్నది?"
బ్రిటిషోళ్ల కవిత్వం.
"ఏం రాసిండ్రు?"
వాన గురించి. కురిసీ కురవని వాన,
దినమంతా, వారమంతా.
"ముసురా?"
గైడులో ఆ మాట లేదు.
ముసురేనమ్మా.
కాలరు తిప్పి, పెట్టె ఎత్తి,
"ముసురైతే బట్టలారవు" అన్నది.