ఎడమ సీటు

జె.సి. రోడ్డు. శనివారం. సన్నటి తుంపర.
బాషా ఎడమ తలుపు తొడుగు ఊడదీశాడు.
లోపల కంపెనీవాడి కాగితపు స్పీకరు
చెమ్మకి మెత్తబడిన అప్పడంలా.
మూడేళ్ల గరగర మాత్రం దానిది కాదు:
అద్దం సందులోంచి జారిన తలపిన్నుది.

నల్లటి షీటు పరిచి, రోలరుతో అదిమి
వేలి కణుపుతో రేకు మీద కొట్టాడు.
ఇందాక ఖాళీ డబ్బా,
ఇప్పుడు ముదిరిన గుమ్మడికాయ.
అద్దం మూలన ట్వీటరు, కింద ఊఫరు,
రెంటికీ తగువు తీర్చే క్రాసోవరు.

"దగ్గరున్నది తొందరపడుద్ది సార్.
కుడిదాన్ని ఒకటిన్నర మిల్లీసెకను ఆపితే
గొంతు ఎదురుగా నిలబడుద్ది.
ఎవరి సీటుకి కట్టమంటారు?"

నాకే, అనబోయాను.
సిల్క్‌బోర్డు దగ్గర రోజూ ఇరుక్కునేది నేనేగా.
ఎందుకో దిగి, చుట్టూ తిరిగొచ్చి
ఎడమ పక్కన కూర్చున్నాను,
ఈ కారు కొన్నాక మొదటిసారి.

ట్వీటరు చెవిలో సూదిలా దిగింది.

ప్రతి సిగ్నల్ దగ్గరా "తగ్గించవా కొంచెం" అని
వకుళ విసుక్కున్నది
పాట మీద కాదన్నమాట.

"ఇక్కడికే కట్టు."

బాషా స్క్రూడ్రైవరుతో తల గోక్కున్నాడు.
"అట్టయితే మీకు
పాట కిటికీలోంచి వినపడుద్ది సార్."