చెవి కొన

కరెంటు పోయి గంట.
రాయదుర్గం పశువుల ఆస్పత్రిలో
ల్యాబు అంటే కిటికీ ఉన్న గది అని అర్థం.
జిల్లా నుంచి దిగిన కొత్త మిషను
కొబ్బరికాయ కొట్టిన నాటి కుంకుమ బొట్టుతోనే
ప్లాస్టిక్ కవరు కింద నిద్రపోతోంది.
దాని మందు సీసాలు ఇంకా రాలేదు.
నాకున్నది ఒంటికన్ను మైక్రోస్కోపు,
కింద రూపాయి బిళ్లంత అద్దం.
మా పక్క వెలుగుకేం కరువు!
కానీ ఎండను నేరుగా పట్టకూడదు, కన్ను పోతుంది.
ఎదురుగా సున్నపు గోడ మీద పడి మెత్తబడిన వెలుగునే
అద్దంలోకి ఒంపుకోవాలి.
ఇరవై ఏళ్లలో నాకు అబ్బిన విద్య అదొక్కటే.

పెన్నోబులేసు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.
ఒక చెయ్యి కంబళి లోపల,
రెండో చేతిలో రెండు సంచులు చుట్టిన పొట్లం.
"చెవి కొన తెమ్మన్యారంట మేడం."

గొర్రె చెవి.
అంచున, గుర్తు కోసం పిల్లప్పుడు పెట్టిన గాటు.
ఎన్ని మందలు కలిసిన బీడులోనైనా
ఇతని ఈలకే తిరిగిన చెవి.

"నిన్న మాపు బాగనే మేసె మేడం.
తెల్లారి సూస్తే కాళ్లు బారసాపి పడుండె.
ముక్కుల్లో నెత్తురు. గడ్డే కట్టల్యా."
బళ్లారి రోడ్డు మటన్ అంగడాయన
కోసిస్తే పన్నెండు నూర్లు అన్నాడట.
కత్తి నూరినాక, ఎందుకో,
ఒక మాట అడిగిపోదామని వచ్చాడట.

గాజు పలక మీద ఒక్క చుక్క.
ఇంకో పలక అంచుతో పలచగా లాగి,
ఆరబెట్టి, స్పిరిటు దీపం మీద మూడుసార్లు తిప్పి,
నీలిమందు పోసి లెక్కపెడుతున్నాను.
ఈ మందు ఏడాది పాతబడితేనే నిజం చెబుతుంది.
లెక్క మధ్యలో అతనన్నాడు:
"బతికినన్నాళ్లూ దాన్ని ఇంతసేపు ఎవరూ సూడల్యా మేడం."

నూనె చుక్క. పెద్ద కటకం. ఒక కన్ను మూత.
మొదట ఏమీ లేదు.
తర్వాత నా కనురెప్ప వెంట్రుకే.
ఆ తర్వాత అవి,
గుంతకల్లు యార్డులో నిలబెట్టిన గూడ్సు పెట్టెల్లా
కొసలు నరికిన నీలి కడ్డీలు
ఒకదాని వెనక ఒకటి,
చుట్టూ లేత గులాబీ పొగ.
చెప్పుకోడానికి సిగ్గు గానీ
దొమ్మ రోగం చాలా అందంగా ఉంటుంది.

"కోయొద్దు" అన్నాను.
"తోలు కూడా తియ్యొద్దు. ఆరడుగుల గుంత, సున్నం, పైన ముళ్లకంప.
రేపు డాక్టరు గారొచ్చి మందకు సూదులేస్తారు."
తలాడించాడు. కదల్లేదు.

"పోయిన వారం ఇంకోటి సచ్చింటే?"
అని గోడను అడిగాడు.

సచ్చింటే?

"కోసినాం."

ఎవరని అడిగే పని లేకపోయింది.
కంబళి లోపలి చెయ్యి తనంతట తనే బయటికొచ్చింది.
ముంజేతి మీద నల్లటి పక్కు,
సీతాఫలం గింజ అతికించినట్టు,
చుట్టూ ఉబ్బు.
"ముల్లు గీరింది మేడం. నొప్పేం ల్యా."

నొప్పి లేకపోవడమే
అని మొదలుపెట్టి ఆపేశాను.

పశువుల ఆస్పత్రి చీటీ మీద
మనుషుల డాక్టరుకు రాయడం ఇదే మొదలు.
"ఆ మాంసం ముట్టిన ప్రతి ఒక్కరినీ చూడండి."
కింద రెండు గీతలు.
ఆటోకు డబ్బులిచ్చి ఎక్కించి వచ్చాను.
చెవిని, సంచుల్ని వెనక గుంతలో కాల్చాను.
అంతలో కరెంటొచ్చింది, ఎవరికీ అక్కర్లేనప్పుడు.

రిజిస్టరులో గళ్లు:
జాతి, పళ్లు, ఆడా మగా, యజమాని, ఫలితం.
గొర్రె. నాలుగు. ఆడ. పెన్నోబులేసు.
చివరి గడి దగ్గర కలం ఆగింది.
ఏ పేరుకు ఎదురుగా రాస్తున్నానో
మళ్లీ ఒకసారి చూసుకున్నాను.