తొడిమ

కొత్తపేటలో మా కంటాసుపత్రి మేడ మీద
ఆ స్కానింగు మిషను చచ్చిపోయి పద్నాలుగు రోజులు.
పోతూ పోతూ
తొమ్మిదేళ్ల కళ్లని కడుపులో పెట్టుకుని పోయింది.
ఫైళ్లున్నాయి. డిస్కులో వరసగా పడుకునున్నాయి.
తెరవబోతే మాత్రం
కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేరు కావాలంటుంది,
దానికో లైసెన్సు, లైసెన్సుకో తాళం,
తాళానికి లక్షా ఎనభై వేలు.
"పాత మోడలండీ, కొత్తది తీసేసుకోండి" అన్నాడు ఏజెంటు
బెజవాడ నుంచి ఫోన్లో, ఏదో నములుతూ.

మస్తాన్‌బీ బల్ల మీద కూర్చునుంది.
యార్డు దగ్గర మిరపకాయలకి తొడిమలు తీసే మనిషి.
ఆమె వచ్చిన రోజు
వరండా వరండా అంతా తుమ్ముతుంది.
"ఎడం కంటికి గుమ్మం వంగి కనబడతంది, బాబూ."
డాక్టరమ్మ నా వైపు తిరిగింది:
"ఆరేళ్ల కిందటి బొమ్మ ఉంటే చెప్పొచ్చు
ఈ నీరు కొత్తదో పాతదో."
ఉంది.
ఉండీ లేదు.

ఆ రాత్రి ఇంటికి పోలేదు.
ఎక్కడో, ఏ ఊళ్లోనో, ఎవరో ఒకడు
ఇలాంటి ఫైలే ముందేసుకుని
బైటు బైటూ వలిచి, వలిచిందంతా
అందరికీ పెట్టి పోయాడు, ఊరికే.
దించుకున్నాను. నడిపాను.
మొదటిసారి ఏమీ రాలేదు.
రెండోసారి బూడిద, చినుకులు,
పాత టీవీలో బొమ్మ పోయినట్టు.
అతని కోడులో ఒక చోట రాసుంది:
ఈ పదహారు బైట్లు ఎందుకున్నాయో నాకు తెలీదు,
తెలిసినవాళ్లు చెప్పండి.
తెలీదని రాసిపెట్టుకున్నవాణ్ణి
నమ్మబుద్ధయింది.

మూడింటికి కరెంటు పోయింది.
చీకట్లో మస్తాన్‌బీ వేళ్లు గుర్తొచ్చాయి.
కాయ పట్టుకోవడం, మెడ దగ్గర చిన్న మెలిక,
గింజ రాలకూడదు.
మా మిషను కాయకి తొడిమ ఇంకాస్త పొడుగేమో?
కరెంటొచ్చాక
పదహారు కొట్టేసి ఇరవై నాలుగు వేశాను.

పొరలు.
ఒకదాని మీద ఒకటి, ఏటి ఒడ్డున తడి ఇసకలో గీతల్లా.
మధ్యలో చూపు కూర్చునే చిన్న పల్లం.
వాపు లేదు. నీరు లేదు.
కుడి అని రాసున్నదే ఎడమ అని తెలియడానికి
ఇంకో గంట పట్టింది, అది వేరే గొడవ.

పొద్దున ఆమెకి చూపించాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
"నలభై ఏళ్లు ఎరుపులో కూర్చున్నా.
లోపల ఇంత బూడిదా?"
నీరు కొత్తదే. డాక్టరమ్మ సూది రాస్తోంది.

తర్వాత ఆ మనిషికి వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను:
మా మిషనుకి ఇరవై నాలుగు.
నమూనాకి ఒక కన్ను కావాలన్నాడు.
అడిగితే మస్తాన్‌బీ నవ్వింది,
"పేరు లేకపోతే ఎవరి కన్నయితే ఏంటి, పంపు."
పేరు గిల్లాను. వయసు, ఊరు, తేదీ,
ఒక్కొక్కటీ మెడ దగ్గర మెలి తిప్పి.

పంపాక నిద్ర ముంచుకొచ్చింది.
కళ్లు నులుముకోబోయి ఆగి
వెళ్లి చేతులు కడుక్కున్నాను.