ఆపద్ధర్మ ప్రధాని

సల్మాబాద్ గ్యారేజీల ఎనుక
మా రూముల పదకొండు మందిమి.
రెండంతస్తుల మంచాలు ఆరు,
పన్నెండో పరుపు మీద బియ్యం బస్త పండుకుంటది.
ఆ బస్తకూ, సిలిండరుకూ, మెస్సు లెక్కల నోటుబుక్కుకూ
జిమ్మెదారు పోశెట్టి.

ఓ శుక్రవారం కూరల ఉప్పెక్కువైతే
"ప్రధానమంత్రి గారూ, జర నీళ్లియ్యుండ్రి" అన్నడు ఖాజా.
గప్పటిసంది గదే పేరు.

దుబ్బరాజం కోరుట్లల ప్రైవేటు బడిల సోషల్ చెప్పెటోడు.
జీతం చాలక వెల్డింగ్ నేర్చి ఇటు మర్లిండు.
జనరేటర్ ఆగి ఏసీ సప్పుడు బందైన రాత్రి
చెమట తుడుసుకుంట పాఠం మొదలువెట్టిండు:

"ఎన్కట ఓ దీవికి
పరాయి దేశంకెల్లి రాజును తెచ్చి కూసోవెట్టిన్రు.
ఆయనకు ఆడి మాట రాదు.
మంత్రుల నడుమ కూసుండి కూసుండి ఇసుగొచ్చి
రావుడే బంజేసిండంటరు.
ఖాళీ కుర్సీ పక్కన ఎవడు లేశి మాట్లాడిండో
వాడు మొదటి ప్రధాని.
గా పేరు అప్పట్ల తిట్టురా!
నేను గాదు, నేను గాదు అని
వాడే సభల మొత్తుకున్నడు."

మాట రాని రాజు మీద మాకు పావురమైంది.
ఫోర్‌మెన్ ముంగట మేమూ గంతే గద,
తలకాయ ఊపుతం, నవ్వుతం,
అర్థమైనట్టు.

"మరి మన దగ్గర?" పై మంచం మీదికెల్లి లింబాద్రి.
"మన దగ్గర రాజు లేడు.
కొలువంత రాష్ట్రపతి పేరు మీద, పని ప్రధాని మీద.
సభల సగంకంటె ఒక్క చెయ్యి ఎక్కువున్నన్ని దినాలే
ఆ కుర్సీకి కాళ్లు."

గా మాట పట్టుకున్నడు లింబాద్రి.
రంజాన్ ముంగటి నెల, పప్పు లెక్కల
రెండు దినార్ల మున్నూరు ఫిల్సు కలువలే.
అవిశ్వాసం వెట్టిండు.
అటు ఆరు చేతులు, ఇటు నాలుగు.
పోశెట్టి తన చెయ్యి తనకు ఎత్తుకోలే.
నోటుబుక్కు బియ్యం బస్త మీద వెట్టి
బట్టలు ఉతుక్కోను పోయిండు.

కొత్త ప్రధాని?
లింబాద్రికి నైట్ డ్యూటీ.
ఖాజాకు లెక్క రాదు.
దేవన్న మొకం గోడకు తిప్పిండు.
లేశిన ఆరు చేతులూ ఆరు దుప్పట్లల్ల జొచ్చినయి.
"కొత్తోడు దొరికేదాక పాతోడే నడుపాలె,
దాన్ని ఆపద్ధర్మం అంటరు" అన్నడు దుబ్బరాజం.
తెల్లారి బియ్యం కడిగింది పోశెట్టే.

నాలుగో నెలా జీతం పడలే.
ఓ పొద్దు పోతే కంపెనీ గేటుకు తాళం,
పాస్‌పోర్టులు లోపలి ఇనుప పెట్టెల.
ఆ బుక్కుల రాష్ట్రపతి పేరు మీద రాసుంటదట:
ఈ మనిషిని అడ్డం లేకుంట పోనియ్యుండ్రి,
ఆపదొస్తే ఆసరియ్యుండ్రి అని.
"ప్రధాని పేరు ఏడుంటది సారూ?"
"ఉండది."
అవిశ్వాసం తర్వాత మొదటిసారి నవ్విండు పోశెట్టి.

ఆదివారం ఇస్త్రీ అంగీలేసుకొని ఎంబసీకి పోయినం.
"మీ తరఫున ఎవరు?" హిందీల అడిగిండు కిటికీల మనిషి.
పది మందిమి ఒక్కడుగు ఎనుకకు జరిగినం.
పోశెట్టి ముంగటికి రాలే,
మేం జరిగినంక
ముంగట మిగిలిండు.

వచ్చీరాని హిందీల
నేను అనలే, మేం అన్నడు.
నోటుబుక్కు తీశి ఎనుకటి పేజీలు తిప్పిండు.
ఎవలికెన్ని నెలలు, ఎన్ని ఓవర్‌టైములు, తారీఖులతోని.
ఓ మూలకు, పెన్సిల్‌తోని,
రెండు దినార్ల మున్నూరు ఫిల్సు:
దేవన్న జరం గోలీలు, ఎవలికీ చెప్పొద్దన్నడు.
ఆ ఆరు చేతులల్ల దేవన్నదీ ఒకటి.

కాయిదం మీద ముద్ర పడ్డది.
జీతం ఇంకా పడలే.
రాత్రి లింబాద్రి మంచం దిగి వచ్చిండు,
"మళ్ల ఓటు వెడుదమా?"
"ఇయ్యాల బోళ్లు తోముడు ఎవలి వంతు?
ముందుగాల అది జూడు" అన్నడు పోశెట్టి,
పప్పుల రాళ్లేరుకుంట.