పసరు తిత్తి

చేప కోసేటప్పుడు నా వేళ్ళకు ఒక్కటే భయం:
కార్జం పక్కన నక్కి ఉండే ఆ పచ్చ తిత్తి
కాస్త చితికినా చాలు,
కొన్నవాళ్ళ ఇంట్లో ఆ పూట కూరంతా చేదు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా
వాల్దివియా నది ఒడ్డున ఈ బల్ల దగ్గరే నిలబడి
ఎన్ని వేల తిత్తులు చితక్కుండా లాగి వెనక్కి విసిరానో
నీళ్ళలో నోళ్ళు తెరుచుకున్న సముద్ర సింహాలకే తెలియాలి.

నాకూ ఒకటుందని
ఎప్పుడూ అనుకోలేదు.

అవి వాన రోజులు. మా ఊళ్ళో కానివెప్పుడు గనక!
నొల్బెర్తో వాళ్ళావిడ గుమ్మడి కలిపిన సొపైపియాలు
నూనెలోంచి తీసి వేడివేడిగా చేతిలో పెడితే
వద్దనలేక నాలుగు తిన్నాను.
రాత్రి రెండింటికి
కుడి డొక్కలో ఎవరో కొక్కెం దింపి
వీపు దాకా లాగారు.
గ్యాస్ అనుకుని బోల్దో ఆకు కషాయం తాగాను.
పైత్యానికి మంచిదని మా అమ్మ అనేది.
ఒంట్లో పైత్యానికా బుర్రలో పైత్యానికా
విడమర్చి చెప్పలేదు.

స్కానింగ్ పిల్ల చల్లటి జిగురు పూసి
తెర నావైపు తిప్పింది.
"రాళ్ళు, సెన్యోరా ఎర్మెలిందా."
లెక్కపెట్టడం ఏడు దగ్గర మానేసింది.

పద్నాలుగు నెలలు వరుసలో ఉన్నాను.
ఉడకబెట్టిన మెర్లూసా, వెన్న రాయని రొట్టె,
అవకాడో కనబడితే తల తిప్పుకోవడం.
కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని
ఎవరితోనూ అనలేదు.
తీరా చించేవాళ్ళే ఫోన్ చేశారు:
మంగళవారం పొద్దున ఏడింటికి,
అర్ధరాత్రి దాటాక గుక్కెడు నీళ్ళు కూడా వద్దు.

వాళ్ళిచ్చిన ఎర్ర సబ్బుతో రెండుసార్లు స్నానం.
గోళ్ళ రంగు తుడిచాను. ఉంగరం రాలేదు.
మనిషి పోయి తొమ్మిదేళ్ళయినా వేలు వదలని ఉంగరం,
సబ్బుకి లొంగలేదు, నూనెకి లొంగలేదు,
చివరికి కొంగ్రియో చేప జిగురు రాస్తే
జారి గిన్నెలో ఖంగుమంది.
మళ్ళీ స్నానం.
మూడు నిమ్మకాయలు అరిగేదాకా చేతులు రుద్దుకున్నాను,
కత్తి పట్టినవాడికి నీచు వాసన రాకూడదని.

కత్తి పట్టినవాడు కాదు, పట్టినావిడ.
డాక్టర్ ఇసాస్మెందీ నా భుజం దాకా వస్తుంది.
చిన్న చేతులు. నేను ఆ చేతులే చూశాను.
శనివారాలు నా దగ్గరే చేప కొంటుందట.
"తిత్తి చితకదు కదా?" అన్నాను.
"మీరైతే చితకనిస్తారా?" అంది ముసుగు వెనక నుంచి.
పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు.
ఏడు దగ్గర నేనూ మానేశాను.

మెలకువ వచ్చేసరికి నొప్పి పొట్టలో లేదు, కుడి భుజంలో ఉంది.
లోపల చోటు కోసం గాలి నింపారట.
బయటికి దారి తెలియక అది
భుజం దగ్గర తచ్చాడుతోందట.
నడిస్తే పోతుందని నర్సు యెసేనియా
వరండాలో అటూ ఇటూ తిప్పింది,
ఒక చేతిలో సెలైన్ కొయ్య, ఇంకో చేత్తో పొట్టకు అదిమిన దిండు.
దగ్గొస్తే దిండు. నవ్వొస్తే దిండు.
పక్క మంచం దోన్యా క్లోరిందా నవ్వించడం మానదే!
"నీవెన్ని? నావి ఇరవై రెండు" అంటూ
ద్రాక్షలు అమ్ముకునేదానిలా సీసా ఊపేది.

నావి పదకొండు.
శనగగింజలంత, మూలలు తేలి,
ఒకదాన్నొకటి ఒరుసుకుని నున్నబడ్డాయి.
ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకున్నవి
ఇంత చక్కగా ఉంటాయనుకోలేదు.

నెల దాకా చేపల పెట్టె ఎత్తొద్దన్నారు.
మూడో వారమే బస్సెక్కాను, ఊరికే చూసొద్దామని.
నా బల్ల దగ్గర నొల్బెర్తో కొడుకు
నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని
సియెర్రా పొట్ట చీలుస్తున్నాడు.
చెయ్యి పెట్టకుండా నిలబడటం
దగ్గు ఆపుకోవడం లాంటిదే.
"మెల్లిగా. అక్కడ, కార్జం అంచున.
వేలితో రా, కత్తితో కాదు."

చితికింది.
బల్లంతా పచ్చగా పాకింది.
వాడు బిక్కమొహంతో నావైపు చూశాడు.
దిండు తెచ్చుకోలేదు మరి,
రెండు చేతులతో పొట్ట పట్టుకుని
నవ్వాను.