కొలతల పుస్తకం

ముందు తుమ్మింది మా మది.
మదియళగన్ అని పూర్తి పేరు, కాజాలు కుట్టే కుర్రాడు.
మూడు రోజులు ముక్కు చీదుకుంటూ మిరియాల చారు తాగి
నాలుగో రోజు గణేశపురం సబ్‌వే నీళ్ళలో
సైకిలు నెట్టుకుంటూ పనికొచ్చేశాడు.

అదే జలుబు నాకూ వచ్చింది.
ఒకే తానులోంచి చింపిన గుడ్డ.
ఒంటిని బట్టి కదా కుట్టు!
నా ఒంట్లో పద్నాలుగేళ్ళుగా
పిలవని చుట్టం ఒకటి కూర్చునుంది.
అరవదు, అలగదు, అద్దె అడగదు.
పాదాల్లోంచి మాత్రం ఒక్కో పోగే లాగేస్తుంటుంది,
మిషను తొక్కుతుంటే చెప్పు జారిపోయినా తెలియనంత మెల్లగా.

జ్వరం నూరు దాటలేదు.
"మార్గళి మంచు, అంతే" అన్నాను మా విశాలాక్షితో.
నోరు పిడచకట్టి చెంబులకు చెంబులు తాగాను.
రాత్రికి ఆరుసార్లు లేచాను.
ముద్ద దిగడం లేదు కదా అని మాత్ర మానేశాను.
తిననివాడికి సుగరెక్కడిదని నా లెక్క.

ఆ లెక్క తప్పని
రాయపురం పెద్దాసుపత్రిలో అరచేతిలో పట్టేంత పెట్టె చెప్పింది:
నాలుగొందల పన్నెండు.

అదైనా వెంటనే చెప్పలేదు.
నర్సమ్మ సెల్వరాణి వేలు పట్టుకుని పొడిచింది,
నెత్తురు రాలేదు.
మళ్ళీ పొడిచింది.
ముప్పై ఏళ్ళు సూదికి ఎదురు నిలిచిన వేలమ్మా,
అది చర్మం కాదు, అంగుస్తానా.
చివరికి ఎడమ చిటికెన వేలు ఒప్పుకుంది.

డాక్టరు చిన్నవాడు.
ఎక్స్‌రే కిటికీకి ఎత్తిపట్టి తెల్లటి మరకలు చూపించాడు.
నాకు కాలరులో వేసే కాన్వాసు గుర్తొచ్చింది,
మెత్తగా ఉండాల్సిన చోట బిరుసు.
"ఒంట్లో కాపలావాళ్ళుంటారు తాతా.
తియ్యటి నెత్తుట్లో వాళ్ళ కాళ్ళు దిగబడ్డాయి.
దొంగ దూరిన చాలాసేపటికి గాని లేవలేదు.
లేచినవాళ్ళు ఇప్పుడు
దొంగనొదిలి గోడలు పగలగొడుతున్నారు."

వాపు తగ్గాలంటే స్టీరాయిడ్.
అది పడితే సుగరు ఎగురుతుంది.
ఎగిరితే ఇన్సులిన్.
అది ఓ చుక్క ఎక్కువైతే వణుకూ చెమటలూ.
చంక వదులు చేస్తే భుజం జారే జాకెట్టు,
భుజం ఎక్కిస్తే చంక పట్టేసే జాకెట్టు
నేనూ కుట్టాను.
అప్పుడు మొత్తం విప్పి కుట్టడమే దారి.
నన్నెలా విప్పుతారు?

బాబిన్‌లో దారం అయిపోయినా
మిషను తిరుగుతూనే ఉంటుంది.
గుడ్డ మీద చిల్లులు పడతాయి, కుట్టు పడదు.
ఆ వారం నా ఊపిరి అలాంటిది.
మాస్కులో గాలి బుసకొట్టేది,
నాలోకి వచ్చేది మాత్రం చిల్లులే.

పదకొండో మంచం మీద సాదిక్ బాషా,
మింట్ స్ట్రీట్‌లో గిన్నెలకు పేర్లు చెక్కేవాడు.
నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న.
తనకు సుగరుందని జ్వరమొచ్చాకే తెలిసిందట.
"మీకు ముందే తెలుసు కదా పెద్దాయనా, అదృష్టవంతులు" అన్నాడు.
తెలిసి నేనేం చేశానో అతనికి చెప్పలేదు.
ఓ తెల్లవారి దుప్పటి మడతపెట్టి ఉంది.
గుచ్చుళ్ళ లెక్క ఆ రోజు తప్పిపోయింది.

పంతొమ్మిదో రోజు ఇంటికొచ్చాను.
షాపులో మది తలెత్తలేదు.
"నా వల్లే కదా అన్నా."
జలుబు నీదేరా.
మిగతాదంతా నాదే.

కొలతల పుస్తకం తెరిచాను.
ముప్పై ఏళ్ళ ఛాతీలు, నడుములు, చేతి పొడుగులు,
పోయినవాళ్ళవీ, లావెక్కినవాళ్ళవీ.
అన్ని పేజీల్లో వెతికినా నాది లేదు.
చెవి మీది పెన్సిలు తీసి
పేరు రాసుకున్నాను, కోదండపాణి అని.
కింద:
పరగడుపున, నూట నలభై ఎనిమిది.

ఆ కిందే సెల్వరాణి జాకెట్టు.
మెడ వెనక ఏడున్నర, చేతులు వదులుగా.
శుక్రవారానికి కావాలంది.