సంఖ్య లేని పుట

కుమాసీలో విశ్వవిద్యాలయం గేటుకి ఎదురుగా
మనిషి చేతులు చాపితే నిండిపోయే కొట్టు నాది.
లోపల కాగితాల కత్తి, సరేసు డబ్బా, రెక్సిన్ చుట్టలు.
ఇరవై రెండేళ్ళుగా ఇక్కడి చదువులకి
వెన్ను కుట్టేది నేనే.

డాక్టరేట్‌కి నలుపు, మాస్టర్స్‌కి ముదురు నీలం,
అక్షరాలు మాత్రం అందరికీ బంగారం.
బంగారమంటే రేకు. గోటితో గీరితే లేచొస్తుంది.
ఆ మాట వాళ్ళకి చెప్పను.

నేను చదువుకున్నది తక్కువ, చదివింది ఎక్కువ.
సరేసు ఆరేలోగా ఏ పుట తెరుచుకుంటే ఆ పుట.
అలాగే తెలిసింది
పామాయిల్ గింజల పెంకులు కాంక్రీటులో కలిపితే
గోడ ఎంత బరువు మోసి ఎక్కడ పగులుతుందో.
ఎన్నికల ముందు వేసిన బోర్లలో
ఎన్నికలయ్యాక ఎన్నింటికి చేతిపిడి మిగిలిందో.
ఓ మిషనరీ డైరీలో వంటమనిషి పేరు
పదకొండు చోట్ల, పదకొండు రకాల తప్పుతో.
ఒకతను ఆరేళ్ళు
బస్సుల వెనక రాసిన సామెతల వెంట తిరిగాడు.
చివరికి బస్సు చార్జీకి నన్నే అడిగాడు.
ఇచ్చాను. ఇంకా రాలేదు. సామెతలు బాగున్నాయి.

జనవరి, హర్మటాన్ గాలి.
ఎడారి దుమ్ము పళ్ళ మధ్య కరకరలాడే రోజులు.
కరెంటు పోయింది, తలుపు తెరిచాను.
బల్ల మీది మూడు కట్టలూ
ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

ఏరడం కష్టమేం కాదు.
సమీకరణాలుంటే ఒఫొసువి.
వార్డులు, ఓట్లు, శాతాలుంటే ఇసహాకువి.
శవం దగ్గర ఆడవాళ్ళు అప్పటికప్పుడు అల్లే ఏడుపులు
ట్వి భాషలో ఒకవైపు, ఇంగ్లీషులో ఒకవైపు ఉంటే సెర్వావి.
ఒక పుట మిగిలింది. సంఖ్య లేదు.

"వర్షాల వల్ల వాగు దాటడం వీలుపడలేదు.
అవతలి ఊరు ఈ అధ్యయనంలో చేరలేదు."

ఫోన్ చేస్తే ముగ్గురూ వచ్చారు.
ముగ్గురూ నాదే అన్నారు.
తరవాత ఒకరినొకరు చూసుకున్నారు,
ఒకే చొక్కా తొడుక్కొచ్చినవాళ్ళలా.

అదే వాగు. అదే గట్టు. వేరు వేరు జూన్ నెలలు.
ఒఫొసు నీటి లోతు కొలిచే కర్రతో,
ఇసహాకు ప్రశ్నల కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని,
సెర్వా రికార్డర్ గుండెకి అదుముకుని
నిలబడి, చూసి, వెనక్కి తిరిగినవాళ్ళే.

"నలభై ఏళ్ళ వరదకి లెక్క కట్టాను, వంతెన నిలుస్తుంది"
అన్నాడు ఒఫొసు.
"కట్టరు. అవతల ఓట్లు రెండొందలు దాటవు"
అన్నాడు ఇసహాకు.
సెర్వా కాసేపు మాట్లాడలేదు.
"నా పాటల్లో ఏడుగురి పేర్లు
ఆ వాగు తీసుకుపోయినవాళ్ళవి" అంది.

మూలన అట్టలకి సరేసు రాస్తున్న అఫ్రియే,
నా దగ్గర మూడేళ్ళుగా పనిచేస్తున్న పిల్ల,
తల ఎత్తలేదు.
"అది మా ఊరే.
వానల్లో కూడా దాటుతాం. తాడుంటుంది.
ఏ చెట్టుకి కట్టి ఉందో అడగాలి, అంతే."

బయట ఎవరో మొక్కజొన్న కాలుస్తున్నారు.
ఆ వాసన లోపలికొచ్చి చాలాసేపు ఉంది.

గడువు నాలుగింటికి.
కరెంటొచ్చింది. ఆ పుటకి ఇంకో రెండు నకళ్ళు తీశాను.
సెర్వా తన కట్ట విప్పి వెనక్కి తీసుకుంది.
డబ్బివ్వబోతే వద్దన్నాను,
కుట్టని దారానికి కూలేమిటి?
మిగతా ఇద్దరివీ నల్లగా, బరువుగా,
బంగారు పేర్లతో వెళ్ళిపోయాయి.

ఒఫొసు పుస్తకం వెనకట్ట లోపల
అఫ్రియే బొటనవేలి ముద్ర పడింది.
తుడవమన్నాను.
"ఆరిపోయింది, ఇంక రాదు" అంది.